నీలం చెట్టు కాడ

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సు, చందుర్తి ఇంకాస్త దూరం ఉందనగా, ఒకచోట ఆగుతుంది. అక్కడ ఊరేమీ లేదు. పసుపు చేలు, మక్క చేలు, వాటి నడుమ మాధవరావు గారి ఇల్లు, ఆ ఇంటికి పోయే మట్టిదారి, దారి మొదట్లో ఇనుప గేటు, గేటు పక్కన ఒక చెట్టు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు నడిచివచ్చి అక్కడ బస్సెక్కుతారు. ఆ చోటుకి వాళ్లు చెప్పే పేరు నీలం చెట్టు. ఆ పేరు పెట్టింది నా భార్య శోభ. పెట్టిననాటికి ఆ చెట్టు ఆమె మోకాలంత ఎత్తు కూడా లేదు.

శోభ ఆ దారి బస్సులో కండక్టరు. పోయిన చలికాలంలో తలలో నరం చిట్లి ఒక్క పూటలో వెళ్లిపోయింది. ఆమె మాటలు నాకు వరుసగా గుర్తుకు రావు. ఎక్కువగా ఆ చెట్టుతో కలిపి గుర్తుకొస్తాయి. అందుకని చెట్టు సంగతే చెబుతాను.

ఆమె పుట్టిల్లు చందుర్తి. నాన్న హన్మండ్లు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. తాను ఎక్కే ప్రతి తాడికీ పేరు పెట్టడం ఆయన అలవాటు. చిన్నగాలికే ఊగిపోయేది పిరికిది. కల్లు ఆలస్యంగా పారేది నిద్రమొఖంది. అన్నిటికన్నా పొడుగుది పెద్దత్త. "పెద్దత్త ఇయ్యాల అలిగింది" అంటే ఆ తాడికి కట్టిన లొట్టిలో కల్లు పడలేదని ఇంటిల్లిపాదికీ తెలిసేది. అట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్ల బస్సులో టికెట్టు మిషను పట్టుకుంటే ఏం చేస్తుంది? స్టేజీల పేర్లు పక్కన పెట్టి చెట్ల పేర్లు పిలిచేది.

"రెండు తాళ్లకాడ దిగేటోళ్లు లేవుండ్రి. వంకర యాప వస్తున్నది, మూట సదురుకో పెద్దమ్మా!"

డ్రైవరు బుచ్చన్న ఆమెను చెల్లె అని పిలిచేవాడు. "చెల్లె, నీతోటి తిరిగి నాకు ఊర్ల పేర్లు మర్సిపోతున్నయ్. మొన్న పెండ్లికాడ మీదేవూరని అడిగితె వంకర యాప అన్న. అందరు నా దిక్కే సూసిండ్రు" అని స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వేవాడు.

నీలిపూల చెట్టును మేమిద్దరం కలిసి మొదటిసారి చూసింది జగిత్యాలలో. మా అమ్మాయి సంజన పరీక్ష సెంటరు ఎక్కడుందో చూసి వద్దామని వెళ్లాం. తిరిగి వస్తుంటే ఒక పాత బంగ్లా ప్రహరీ మీదుగా కనిపించింది. చెట్టుకి ఆకు దాదాపు లేదు. కొమ్మ కొమ్మకీ గంటల్లాంటి పూలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వంకాయ పువ్వు రంగులో ఒక చుక్క నీలిమందు కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయి. కింద నేల కూడా అదే రంగు. శోభ గేటు తోసుకుని లోపలికి పోయింది. నేను బయటే నిలబడి "ఎవలన్న ఏమన్న అంటరే" అంటున్నాను.

"అంటె పడ్త. నువ్వు ఆడనే ఉండు."

లోపల కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ పోశం ఏమీ అనలేదు. చెట్టును అడిగేవాళ్లు దొరికినందుకు సంతోషపడ్డాడు.

"జకరండ అంటరు సార్లు. మేము నీలి తురాయి అంటం."

"గింజ ఉంటదా కాకా?"

పోశం లేచి వెళ్లి ఎండిన కాయ ఏరి తెచ్చాడు. గుండ్రంగా, చదునుగా, రెండు చిన్న మూతలు ఒకదానికొకటి అంటించినట్టు ఉంది. గోటితో తెరిస్తే లోపల ఉల్లిపొర లాంటి రెక్కలున్న గింజలు.

"ఎర్ర తురాయి కాయ కత్తి లెక్క బారెడుంటది. దీని కాయ జూడు, డబ్బీ లెక్క. పువ్వు లేనప్పుడు కాయ జూసే గుర్తువట్టాలె. ఆకు జూసి నమ్మినవా, మోసపోతవ్. ఎర్ర తురాయి, పచ్చ తురాయి, ఇది, మూడు అక్కచెల్లెండ్ల లెక్కుంటయ్" అన్నాడు.

శోభ ఆ కాయలను కొంగులో కట్టుకుంది. బస్సులో దారి పొడుగునా మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే ఏదో నిర్ణయం జరుగుతున్నట్టు లెక్క. కోరుట్లలో దిగుతూ చెప్పింది.

"మాధవరావు సారు గేటు కాడ పెడ్త. ఆడ మొగిలవ్వ ఎండల నిలవడ్తది."

మొగిలవ్వ బీడీలు చేస్తుంది. చేసిన బీడీలు అప్పగించడానికి నెత్తిన చాటతో ఆ స్టేజిలో ఎక్కుతుంది. ఆమెలాంటి వాళ్లు ఇంకా చాలామంది. అక్కడ పట్టెడు నీడ లేదు. ఒకప్పుడు ఉండేది. మాధవరావు గారి నాన్న నాటిన ఎర్ర తురాయి ఒకటి గేటు మీదికి గొడుగులా ఉండేది. ఒక గాలివానకు దాని పెద్ద కొమ్మ విరిగి, కింద కట్టేసిన పాడిబర్రె మీద పడింది. బర్రె చచ్చిపోయింది. మాధవరావు గారు తెల్లవారి మనుషులను పిలిచి చెట్టును మొదలంటా కొట్టించారు. తురాయి అనే మాట ఆ ఇంట్లో వినిపించకూడదన్నారు.

శోభ గింజలను కోసిన ప్లాస్టిక్ సీసాల్లో వేసింది. కోరుట్లలో మేముండే ఇల్లు నా ప్రెస్సు మీద, గల్లీలో. పెండ్లి పత్రికలు అచ్చువేసుకునే ఆ గల్లీలో ఎండ మధ్యాహ్నం ఒకసారి తొంగి చూసి వెళ్లిపోతుంది. అందుకని మొలకలను చందుర్తిలో వాళ్లమ్మ రాములవ్వ దగ్గర పెట్టింది. డ్యూటీలో చందుర్తి దాటుతున్నప్పుడల్లా కిటికీలోంచి "అవ్వా, పానం మంచిగుందా వాటికి?" అని అరిచేది. వాళ్లమ్మ పానం సంగతి తర్వాత అడిగేది.

ఒకసారి వెళ్లి చూసి వచ్చి నాతో సంబరంగా చెప్పింది. "నాలుగు రోజులు సూడకపోతె జానెడు పెరిగింది. మా అవ్వ చెయ్యి గట్లాంటిది!"

వానలు పడ్డాక మొలకను తీసుకుపోయి గేటు పక్కన గుంత తీస్తుంటే మాధవరావు గారు చేతికర్రతో బయటికి వచ్చారు. బుచ్చన్న బస్సు పక్కకు ఆపి అద్దంలో చూస్తున్నాడట. బస్సులోవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారట.

"ఏం చెట్టు కండక్టరమ్మా?"

"నీలి పువ్వులది సార్. జగిత్యాల నుంచి గింజ తెచ్చిన."

"ఆకు జూస్తే తురాయి లెక్కున్నది."

"అక్కచెల్లెండ్లు సార్. మొఖం కలుస్తది, గుణం కలవది."

"నా గేటు కాడ ఎర్ర పువ్వు పూసిందంటే తెల్లారి చెట్టు ఉండది. ముందే చెప్తున్న."

"మీకెందుకు సార్ తిప్పల! ఎర్రగ పూస్తే మా నాయిన గీతకత్తి తెచ్చి నేనే నరుకుత. గీ బస్సుల కూసున్నోళ్లందరు సాక్షి."

బస్సంతా చప్పట్లు కొట్టింది. అప్పటినుంచే ఆ చోటు నీలం చెట్టయింది. మొదట్లో ఎగతాళికి అన్నారు. "నీలం చెట్టు దిగేటోళ్లు రాండ్రి" అని ఆమె పిలిస్తే, "ఏదమ్మా చెట్టు, నా చెప్పుకింద పడ్డదా సూడు" అని ఎవరో అనేవాళ్లు. తర్వాత మామూలైపోయింది. బుచ్చన్న తన సీటు పక్కన ఒక డబ్బాలో నీళ్లు పెట్టుకునేవాడు. బస్సెక్కే ఆడవాళ్లు సీసాల్లో మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోసేవాళ్లు. మొగిలవ్వ దాని చుట్టూ ముళ్లకంప నాటింది. చెట్టు మనిషెత్తయింది, గేటెత్తయింది, మొగిలవ్వ చాట దించి కూర్చునేంత నీడయింది. పూయలేదు.

ప్రతి ఎండాకాలం మాధవరావు గారు గేటు దగ్గరికి వచ్చి తల పైకెత్తి చూసేవారు.

"ఏం కండక్టరమ్మా, ఏ రంగు?"

"ఇంక రంగు ఖరారు కాలే సార్."

సంజన తన ఫోన్లో చెట్లను గుర్తుపట్టే యాప్ వేసింది. ఒకవైపు నుంచి ఫోటో తీస్తే జకరండా అన్నది. రెండడుగులు జరిగి తీస్తే గుల్‌మొహర్ అన్నది. "దీనికంటె పోశం కాక నయం. ఆకు జూసి నమ్మద్దని ముందే చెప్పిండు" అన్నది శోభ.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా నా ప్రెస్సుకి వచ్చింది. ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. నేను కట్ట కడుతున్న పెండ్లి పత్రికలను పక్కకు నెట్టి బల్ల మీద రెండు ఆకులు పరిచింది.

"సూడు."

చూశాను. రెండూ ఈకల్లా ఉన్నాయి. రెండూ ఒకటే అన్నాను.

"సరిగ్గ సూడు. ఇది నిన్న జగిత్యాలల బంగ్లా కాడికి పోయి తెంపుకచ్చిన. దీని చిన్నాకుల కొస ఎట్లున్నది? సూది లెక్క. పొడుగున పోయి చివరికి ఒక్క ఆకు తోక లెక్క బయటికచ్చింది. ఇంకోదాన్ని సూడు. చిన్నాకులు గుండ్రగున్నయ్, తోక లేదు, జోడి తోటే ఆగిపోయింది. జగిత్యాల చెట్టుకు రెండాకులు ఎదురెదురుగ పుట్టినయ్. దీనికి ఒకటీడ, ఒకటాడ."

"ఇది ఎక్కడిది?"

"మన నీలం చెట్టుది."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది ఎర్ర తురాయే. నేను పెట్టింది ఎర్ర తురాయే. నా చేతుల తోటి తెచ్చిన గింజ నీలిది. గింజ మారది. మరి ఏడ మారింది?" కాసేపు పత్రికల మీది పసుపుబొట్టు కేసి చూసింది. తర్వాత నెమ్మదిగా "అవ్వా..." అన్నది.

మర్నాడు చందుర్తి పోయాం. రాములవ్వ గడప మీద చింతపండు గింజ తీస్తోంది. కూతురి చేతిలో ఆకులు చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. అడగకముందే చెప్పింది.

"మేక తిన్నది."

"ఎన్ని తిన్నది?"

"ఎన్నుంటె అన్ని తిన్నది. దానికేం ఎరుక అవి జగిత్యాల నుంచి అచ్చినయని?"

"నాకు చెప్పద్దా?"

"చెప్తె ఏడుస్తవ్. బస్సుల పోయేటప్పుడు తల బయటికి వెట్టి అవ్వా అవ్వా అని అరుస్తవ్. నేనేం జెయ్యాలె? పోయి గసొంటి మొక్కనే తెచ్చి సీసల పెట్టిన. ఆకు ఒక్కతీరే ఉన్నది."

"నాలుగు రోజులకే జానెడు పెరిగిందంటె నీ చెయ్యి మంచిదనుకున్న గదనే!"

"చెయ్యి మంచిదే. తెచ్చి పెట్టింది బతికింది గద!" రాములవ్వకు ధైర్యం వచ్చింది. "మీ నాయిన లొట్టి పగిలితే ఏం జేసేటోడు? ఎవ్వలికి చెప్పకుంట అదే తాడికి ఇంకో లొట్టి కట్టి దిగేటోడు. తాడి ఎన్నడన్న అడిగిందా?"

"తాడి అడగది. మాధవరావు సారు అడుగుతడు!"

"దొరకేం తెల్వది తియ్యి. ఆయిన గేటు కాడి నుంచే తెచ్చిన ఆ మొక్కను."

రాములవ్వ వివరంగా చెప్పింది. కొట్టేసిన పెద్ద తురాయి మొదట్లో, దాని కాయలు రాలిన చోట, వానలకు మొలకలు వచ్చాయట. అందులో ఏపుగా ఉన్నదాన్ని పెరికి తెచ్చిందట. శోభ దాన్నే మళ్లీ తీసుకుపోయి, పెరికిన చోటికి గజం దూరంలో నాటింది. మొదట ఆమెకు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూనే గడప మీద వాళ్లమ్మ పక్కన కూర్చుని చింతగింజలు తీయడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక, "నరుకుత అన్న. అందరి ముందట అన్న" అన్నది.

తిరిగి వస్తూ నేను నచ్చజెప్పాను. ఇంకా పూయలేదు కదా, ఎవరికీ తెలియదు, పూసిన్నాడు చూసుకుందామన్నాను.

"టికెట్టు లేకుంట కూసున్నోని కాడ నేను నోరు మూసుకుంటనా? మా అవ్వకే టికెట్టు కొట్టిన, నీకు యాదికుందా? ఇప్పుడు నేనే టికెట్టు లేకుంట కూసున్న."

సెలవు రోజు చూసుకుని, చందుర్తి ఇంటి చూరులో దోపి ఉన్న వాళ్ల నాన్న గీతకత్తి తీసి తువ్వాలలో చుట్టుకుంది. నేను వెంట వెళ్లాను. చెట్టు కింద మొగిలవ్వ, ఇంకా కొందరు ఆడవాళ్లు బస్సు కోసం కూర్చుని ఉన్నారు.

"ఎవల్ని కోస్తవే శోభా, కత్తి వట్టినవ్?"

"నువ్వు కూసున్న నీడను. లే."

"లేవ. నన్ను కోసి దాన్ని కొయ్యి."

మాధవరావు గారు వచ్చారు. శోభ ఆకులు రెండూ చేతికిచ్చి, తోక ఉన్నది, లేనిది, మేక, సీసా అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు. చివరికి "మీ నాయిన పెట్టిన చెట్టు పిల్లనే సార్ ఇది. తెల్వక మీ గేటు కాడికే మల్ల తెచ్చిన. మాట మాటే. నరుకుత" అన్నది.

ఆయన చాలాసేపు కాండం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"పూసిందా?"

"లేదు సార్."

"నేనేమన్న? ఎర్రగ పూస్తే అన్న. పూయకముందే నరకమన్ననా? పెట్టు లోపల ఆ కత్తి. అయినా గీతకత్తి తోని చెట్టు పడ్తదా? నీకు తాడి గీసుడు తప్ప ఏం తెల్వనట్టున్నది."

"గీసుడు గూడ తెల్వది సార్. ఆడపిల్లను ఎక్కనిస్తరా!"

ఆ ఎండాకాలం ఆమె ప్రతిరోజూ బస్సు దిగి కొమ్మల చివరలు చూసేది. పూయొద్దని చూసేదో, పూయాలని చూసేదో నాకు తెలియలేదు. అడిగితే, "పూస్తే సూడబుద్ధయితది. పూస్తే పోతది. ఏం జెయ్యాల్నో చెప్పు" అన్నది. ఆ ఏడు పూయలేదు. చలికాలంలో ఆమె పోయింది.

ఈ ఏప్రిల్ చివర బుచ్చన్న ఫోన్ చేశాడు.

"బావా, పూసింది."

"ఏ రంగు?" అన్నాను. తెలిసి కూడా అడిగాను.

"నువ్వే అచ్చి సూడు."

తువ్వాలలో గీతకత్తి అట్లాగే ఉంది. సంచిలో పెట్టుకున్నాను. చెట్టు పడుతుందని కాదు. ఆమె ఇచ్చిన మాట ఇంట్లో ఉండిపోయింది, దాన్ని ఉంచుకోవడం నాకు చేతకాలేదు. కోరుట్లలో ఆ బస్సెక్కాను. ఇప్పుడు కండక్టరు ఒక కొత్త అమ్మాయి. శోభను ఎన్నడూ చూసి ఉండదు. చందుర్తి దగ్గరపడుతుంటే లేచి నిలబడి పిలిచింది.

"నీలం చెట్టు, నీలం చెట్టు దిగేటోళ్లు ముందటికి రాండ్రి!"

దిగాను. చెట్టు తల నుంచి అంచుల దాకా ఎర్రగా ఉంది. ఎండలో కళ్లు నిలవడం లేదు. గేటు ముందు నరికిన కొమ్మ ఒకటి పడి ఉంది. దాని పూలు దుమ్ములో ఇంకా వాడలేదు. పక్కన గొడ్డలి.

మాధవరావు గారు గేటు తీసుకుని వచ్చారు. నన్ను గుర్తుపట్టారు. "రా ప్రెస్సాయనా. ఎండల నిలవడ్డవేంది, నీడకు రా" అన్నారు.

"సార్, మొదలుపెట్టిండ్రా?"

"ఏది, ఆ కొమ్మనా? అది గేటు మీదికి వంగింది. కింద బర్రెను కడ్తం. అంతవరకు తీయించిన. ఇగ ఏటేట తీయిస్త."

నేను సంచిలోంచి తువ్వాల తీశాను. "ఎర్రగ పూసింది సార్. శోభ మాట ఇచ్చింది."

ఆయన చెట్టు కేసి చూశారు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"ఎర్రగనా? నాకు కండ్లల్ల పొర అచ్చింది. సిరిసిల్లల డాక్టరు ఆపరేషన్ చేస్తనంటున్నడు, నేనే ఇప్పుడొద్దన్న. నాకైతే నీలంగనే కనవడ్తున్నది." తర్వాత చెట్టు కిందికి తిరిగి, "ఏం మొగిలవ్వా, నీకెట్ల కనవడ్తున్నది?" అన్నారు.

మొగిలవ్వ ఒడి నిండా ఎర్ర రెక్కలు. చాటలో బీడీల కట్టల మీద కూడా ఎర్ర రెక్కలే. ఆమె వాటిని దులపలేదు.

"నీలమే దొరా. మొదటి నుంచి నీలమే గద."

"ఇన్నవ్ గద. కత్తి సంచిల పెట్టుకో" అన్నారు ఆయన. "ఆమె ఉంటే నాతోటి కొట్లాడుతుండె, ఎర్రదే సార్ అని."

"కొట్లాడుతుండె సార్" అన్నాను.

ఆయన ఇంట్లోంచి మంచినీళ్లు తెప్పించారు. తాగాను. సిరిసిల్ల నుంచి తిరుగు బస్సు వచ్చేదాకా ముగ్గురం ఆ నీడలో ఉన్నాం. రెక్కలు ఒక్కటొక్కటి రాలుతూనే ఉన్నాయి. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు మిషను పట్టుకుని వచ్చింది.

"యాడెక్కిండ్రు సార్?"

నా భుజం మీద ఎర్ర రెక్క ఒకటి అంటుకుని ఉంది. ఆమె దాన్ని చూసింది. నేనూ చూశాను.

"నీలం చెట్టు కాడ" అన్నాను.

టికెట్టు కొట్టి ఇచ్చింది.